బొరుసు పడ్డ సాయంత్రం

మా ఇంట్లో కొన్ని మాటలు అనకూడదు. బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటేవాళ్లు పోతాననకూడదు, పోయొస్తాననాలి. ఇవి చాలా ఇళ్లలో ఉన్నవే. మాది హోసూరు బజారు వీధిలో మూడు తరాలుగా కిరాణా అంగడి నడిపిన ఇల్లు కాబట్టి వీటికి తోడు ఇంకొకటుంది. అంగడిని ఎవరూ మూయకూడదు. రాత్రి నాయన చెప్పులేసుకుంటూ "దించి వస్తా" అనేవాడు, షట్టర్ దించి వస్తానని. చిన్నప్పుడు ఒకసారి నేను "నాయన అంగడి మూసినాడా?" అని అడిగినందుకు అవ్వ నా మూతి మీద ఒక్కటి అంటించింది.

"దీపాలు పెట్టే యాళ అట్లాంటి మాట అంటారా? తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. అట్లే కానీ అనేసి పోతే ఎవురు దిక్కు?"

కంటికి కనబడకుండా తిరిగే ఆ దేవతలంటే నాకు దయ్యాల కంటే ఎక్కువ భయం. దయ్యానికైతే తాయెత్తు ఉంది. మనం అన్నదే జరగనీ అని దీవించి పోయేవాళ్లకు మందేముంది?

ఇలాంటి పిల్ల డిబేట్ జట్టులో ఎందుకు చేరిందని అడగొచ్చు. నా అంతట నేను చేరలేదు. ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో ఉండగా బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు మిస్ ఒకసారి మా అంగడికి వచ్చి, చింతపండు నల్లగా ఉందని పేచీ పెట్టారు. కొత్తది ఎర్రగా ఉంటుందని, పాతబడేకొద్దీ నల్లబడుతుందని, పులుసుకు పాతదే రుచి అని నేను చెప్పాను. ఆమె అదే కొనుక్కుని వెళ్లారు. మర్నాడు నోటీసు బోర్డు మీద జట్టులో నా పేరు ఉంది.

అప్పటిదాకా నాకు తెలిసిన డిబేట్ ఒక్కటే. జెండా పండక్కి ఇద్దరు పిల్లలు 'కత్తి గొప్పదా, కలం గొప్పదా' అని బట్టీపట్టింది అప్పజెప్పేవాళ్లు, పెద్దలు ఇద్దరికీ పెన్నులిచ్చి పంపేవాళ్లు. మిస్ వచ్చాక అందులో ఎన్ని రకాలున్నాయో తెలిసింది. రకానికొక భయం ఉందనీ తెలిసింది.

ఒక రకంలో ఒకరికి ఎదురుగా ఒకరే నిలబడాలి. ఏది న్యాయం, ఏది అన్యాయం అన్న దాని మీదే మాటలు. పక్కన తోడెవరూ ఉండరు, తడబడితే అందుకునే దిక్కుండదు. ఇంకో రకం సభ లాంటిది. ఒక జట్టు ప్రభుత్వం, ఒక జట్టు ప్రతిపక్షం. విషయం అక్కడికక్కడే చెప్పి కాసేపు మాత్రం ఆలోచించుకోనిస్తారు. మనం మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు చేయి చాచి లేస్తారు, ప్రశ్న అడగనివ్వమని. వద్దంటే కూర్చుంటారు, అది వేరే సంగతి. కానీ ఎదురుగా ఒక మనిషి హఠాత్తుగా లేచి నిలబడితే నా నోట్లో మాట నోట్లోనే ఉండిపోయేది. మరో రకంలో ఏడాదంతా ఒకే విషయం మీద కట్టలకొద్దీ కాగితాలు పోగేసి, ఊపిరి తీసుకోకుండా చదవాలి. అందులో కావలసిన కాగితం సమయానికి చేతికి రాదేమోనని కలలోనూ వెతుక్కునేదాన్ని.

అన్నిటినీ మించి వణికించింది జంట పోటీ. ఇద్దరికి ఇద్దరు. విషయం ముందే ఇస్తారు గానీ మనది ఏ పక్షమో చెప్పరు. రెండింటికీ సిద్ధపడి వెళ్లాలి. వేదిక మీద నాణెం ఎగరేస్తారు. గెలిచినవాళ్లు పక్షం కోరుకుంటారు, మిగిలింది ఓడినవాళ్లకు. మధ్యలో ఇరు జట్ల నుంచి ఒక్కొక్కరు ఎదురెదురుగా నిలబడి ప్రశ్నలు వేసుకునే ఘట్టం ఒకటుంది. మిస్ దాన్ని ఎదురుకాల్పులు అనేవారు.

నమ్మని మాటను నమ్మినట్టు చెప్పడమే కదా, అందులో భయమేముంది అనొచ్చు. నా భయం నమ్మకం గురించి కాదు, నోటి గురించి. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని వింటూ పెరిగినదాన్ని. బళ్లో పోటీలన్నీ ఇంగ్లీషులో జరిగేవి కాబట్టి ఏదోలా నెట్టుకొచ్చాను. తథాస్తు దేవతలకు ఇంగ్లీషు రాదని నా ధైర్యం. ఆ భాషలో బడులు అక్కర్లేదన్నాను, పరీక్షలు ఎత్తేయాలన్నాను, ఒకసారైతే ముసలివాళ్లకు ఓటు వద్దన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి, ఎందుకో చెప్పకుండా అవ్వ కాళ్లకు నూనె రాశాను.

నా జోడీ మూకండపల్లి పిల్ల. వాళ్ల అమ్మానాన్నలు శ్రీకాకుళం వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆ పిల్లకు భయమన్నది ఆ భగవంతుడు పెట్టలేదు. నేను దేవతల సంగతి చెబితే పడీపడీ నవ్వింది. "ఏటే నువ్వు! అన్నదల్లా అయిపోతే మా అమ్మకి ఎప్పుడో డే షిఫ్టు వచ్చీసును" అంది.

ఆ ఏడాదే మా అంగడికి గడ్డుకాలం వచ్చింది. బాగలూరు రోడ్డు వైపు అపార్టుమెంట్లు లేచాయి. ఆ ఇళ్లవాళ్లు మొదట్లో మా దగ్గరికే వచ్చేవాళ్లు. తర్వాత ఫోన్లో నొక్కితే ఉప్పూ పప్పూ గుమ్మంలోకి వచ్చే ఏర్పాటు వచ్చింది. మా ఎదురుగా ఉన్న పాత బట్టల అంగడిని అలాంటి కంపెనీ ఒకటి గోడౌనుగా తీసుకుంది. పొద్దున్నే దాని ముందు బండ్లు బారులు తీరేవి. నాయన గల్లాపెట్టె దగ్గర కూర్చుని వాటినే చూస్తుండేవాడు. మేముండే ఇల్లు అంగడి వెనక సందులోనే, అది మా సొంతం. అంగడి మాత్రం అద్దెది. ఉంటారో, ఖాళీ చేస్తారో ఉగాదిలోపల తేల్చమని ఓనరు అడిగాడట. నాయన మిద్దె మీద అమ్మతో గుసగుసగా చెబుతుంటే విన్నాను. ఆ తర్వాత ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పైకి అనకపోతే జరగదని మా అందరి లోపలి నమ్మకం. నేను రోజూ లేచేది అలారానికి కాదు, నాయన షట్టర్ ఎత్తే చప్పుడుకు. ఆ చప్పుడు కొంచెం ఆలస్యమైతే ముందే లేచి కూర్చుని దాని కోసం చెవులు రిక్కించేదాన్ని.

సరిగ్గా అప్పుడే కృష్ణగిరిలో ఒక తెలుగు సంఘం వాళ్లు జిల్లాలోని పిల్లలకు జంట పోటీ పెట్టారు. తెలుగులోనే మాట్లాడాలి. విషయం ఇది: చిన్న అంగళ్ల కాలం చెల్లింది. ఔనని ఒక జట్టు, కాదని ఒక జట్టు.

అది చదివి నేను రానని మిస్ దగ్గర ఏడ్చినంత పని చేశాను.

"అది నీ అభిప్రాయం కాదమ్మా, నీకు వచ్చిన పక్షం. రెండూ ఒకటి కాదు కదా" అన్నారామె.

ఒకటి కాదని ఆమెకు తెలుసు, నాకు తెలుసు. కంటికి కనబడకుండా వినేవాళ్లకు తెలియాలిగా! కానీ ఆ మాట బెంగళూరు మనిషితో ఎలా చెప్పను?

ఇంట్లో సగమే చెప్పాను. అంగళ్ల మీద పోటీ అన్నాను, కాలం చెల్లలేదన్న పక్షాన్ని అంగట్లోనే నిలబడి సాధన చేశాను. నాయన మురిసిపోయాడు. బెల్లం కొనడానికి వచ్చినవాళ్లను కూడా నిలబెట్టి వినిపించాడు. "శెట్టప్పా, మీ పాప లాయరు అవతాది చూడు" అని ఒకాయన పొట్లం మరిచిపోయి వెళ్లాడు. రెండో పక్షం మాటలు మాత్రం నేను ఒక్కసారి కూడా పైకి అనలేదు. వాటిని మనసులోనే ఒకదాని పక్కన ఒకటి పేర్చుకున్నాను. సాధన రోజుల్లో ఆ వంతు నా జోడీయే చెప్పేది.

పోటీ రోజు పొద్దున నాయన చొక్కా మార్చుకుని సిద్ధంగా కూర్చున్నాడు. "నేనూ వస్తా. కృష్ణగిరి మండీలో పప్పు చూడాల్సి ఉండాది" అన్నాడు. పప్పు ఎప్పుడూ ఫోన్లోనే మాట్లాడుకునే మనిషి. అమ్మను అంగట్లో కూర్చోబెట్టి, గుడ్డసంచిలో బొరుగులూ అరటిపళ్లూ పెట్టుకుని మా ఇద్దరితో బస్సెక్కాడు. నా జోడీ శూలగిరి రాకముందే అరటిపళ్లు ఖాళీ చేసింది.

పోటీ ఒక కల్యాణ మండపంలో. పొద్దుటి రౌండ్లలో నాణెం మా మాట విన్నది. ప్రతిసారీ కాదన్న పక్షమే మాకు దొరికింది, గెలుస్తూ వచ్చాం. గెలిచినందుకు నాకు సంతోషం లేదు. ఇక్కడితో ఓడిపోతే ఏ గొడవా లేకుండా ఇంటికి పోవచ్చు కదా అనిపించింది. కావాలని ఓడిపోవడం కూడా నాకు చేతకాలేదు, అంగట్లో పెరిగిన నోరు కదా, ఎదుటివాడు ఒకటంటే రెండు అందిస్తుంది.

ఫైనల్‌కు రావాల్సిన ముఖ్య అతిథి ఆలస్యం చేశాడు. ఎండ వాలింది, కిటికీలు ఎర్రబడ్డాయి. సంఘం వాళ్లలో ఒకావిడ వేదిక పక్కనున్న కుందిలో నూనె పోసి, వత్తి సరిచేసి మళ్లీ వెలిగించింది. సరిగ్గా దీపాలు పెట్టే వేళ. అప్పుడే నాయన మండీ పని చూసుకుని, సంచి పట్టుకుని లోపలికి వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు.

నాణెం ఎగిరింది. నా జోడీ "బొమ్మ!" అని అరిచింది. బొరుసు పడింది.

ఎదుటి జట్టు కృష్ణగిరి అబ్బాయిలు. హాలు నిండా ఉన్నది వ్యాపారస్తులే కాబట్టి వాళ్లు క్షణం కూడా ఆలోచించలేదు. కాలం చెల్లలేదన్న పక్షం కోరుకున్నారు. మాకు మిగిలింది చెల్లిందన్న పక్షం.

ముందు నా జోడీ మాట్లాడింది. వాళ్లమ్మ షిఫ్టు దిగి ఇంటికి చేరేసరికి ఏ అంగడీ తెరిచి ఉండదని, తెల్లారి పిల్లల క్యారియరుకు బియ్యం కావాలంటే ఫోనే దిక్కని చెప్పింది. కళ్లు తిప్పకుండా, నదురుబెదురు లేకుండా చెప్పింది. నేను నాయన వైపు చూడలేదు. అవతలి అబ్బాయి మాట్లాడాడు. ఆ తర్వాత ఎదురుకాల్పులకు నేనూ, వాళ్లలో పొడుగాటి అబ్బాయీ లేచాం.

"మీది హోసూరు కదండీ. మీ వీధిలో చిన్న అంగళ్లు ఉన్నాయా?" అని మొదలుపెట్టాడు.

"ఉన్నాయి."

"అవి మూతపడతాయంటారా?"

"కాలంతోపాటు మారాలంటాను."

"మారడం సంగతి నేను అడగలేదు. మూతపడతాయా, పడవా? ఒక్క మాటలో చెప్పండి."

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పడవు అంటే మా పక్షం అక్కడే కూలిపోతుంది, నా జోడీ చెప్పిందంతా నీళ్లపాలు. పడతాయి అంటే! కుందిలో వత్తి నిదానంగా వెలుగుతోంది. చివరి వరుసలో నాయన ముందుకు వంగి, వినబడనివాడిలా చెవి ఒగ్గి కూర్చున్నాడు. ఆ ఘట్టంలో జోడీ అందుకోవడానికి వీల్లేదు, అది నియమం. ఆ పిల్ల బల్ల కింద కాలితో నా మడమ మీద తన్నింది.

"మూతపడతాయి" అన్నాను.

మైకులో అన్నాను. తెలుగులో అన్నాను. దీపం కొండెక్కలేదు, పైకప్పు కూలలేదు, ఎవరూ నా మూతి మీద కొట్టలేదు. ఏమీ జరగకపోవడం చూసి ఇంకా భయం వేసింది. అట్లే కానీ అని ఎవరో ఈపాటికి అనేసి వెళ్లిపోయి ఉంటారనిపించింది.

ముగింపు మాట నాదే. ఒక్కసారి ఆ మాట బయటపడ్డాక మిగతావి ఆగలేదు. మనసులో పేర్చుకున్నవన్నీ వరసగా వచ్చేశాయి. శెట్టి మంచివాడే, కానీ మంచితనాన్ని తూకం వేసి అమ్మలేమన్నాను. నెలసరుకు కోసం తరతరాలుగా వచ్చినవాళ్లు ఇప్పుడు అగ్గిపెట్టె కోసం మాత్రమే వస్తున్నారన్నాను. చివర ఇలా అన్నాను: "ఈ సంగతి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్లకు తెలియక కాదు. ఎదురుగా ఆగే బండ్లను వాళ్లు రోజూ చూస్తూనే ఉన్నారు. తెలిసీ ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు. అనకపోతే జరగదనుకుంటారు."

ఈ చివరి ముక్క నేను ముందుగా పేర్చుకున్నది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. హాలంతా చప్పట్లు కొట్టారు. కప్పు మాకే ఇచ్చారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన నా తల మీద చెయ్యి పెట్టి "గుండె గల పిల్లవమ్మా" అన్నారు. ఆయనకేం తెలుసు?

మెట్ల దగ్గర నాయన సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కప్పు తీసుకుని సంచిలో పెట్టాడు. "పదండి, బస్సు దొరకదు మళ్లీ" అన్నాడు. అంతే. తిడితే బాగుండునని మనసారా కోరుకున్నాను.

బస్సులో నా జోడీ కిటికీకి తల ఆనించి ఇట్టే నిద్రపోయింది. నేను, నాయన పక్కపక్కన. నేను సంచి కొసను వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చున్నాను.

"ఆ ఇంకో పక్కది కూడా నీకు వచ్చు గదా" అన్నాడు ఊరు దాటాక. "అంగట్లో చెప్తా ఉంటివే, అది. దాన్నీ ఒకసారి ఈడ చెప్పు. గట్టిగా వద్దులే, నాకు వినిపిస్తే చాలు."

చెప్పాను. కండక్టర్ టికెట్లు కొడుతూ పోతున్నాడు, వెనక ఎవరి ఫోనో మోగుతోంది, నేను నాయన చెవి దగ్గర ఒదిగి మొత్తం చెప్పాను. బతిమాలినట్టు చెప్పాను. అన్నిటికంటే గట్టిదని నేను నమ్మింది ఆఖరున దాచుకున్నాను: రోజూ వక్కాకుకు వచ్చే ముసలామె రెండు రోజులు రాకపోతే, ఏమైందని మనిషిని పంపేది అంగడివాడే, ఫోను పంపదు.

"ఇది యాడనించి తెచ్చినావు?"

"నువ్వు చేసిందే గదా నాయనా. పోయిన ఏడు."

ఆయన తలాడించాడు. శూలగిరి దీపాలు వచ్చి వెనక్కి పోయాయి.

"బాగుండాది పాపా. వినేదానికి శానా బాగుండాది. కానీ నేను జడ్జిని అయ్యుంటే ముందు చెప్పిందానికే మార్కులు వేసుంటా."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అది నా మాట కాదు నాయనా. బొరుసు పడిందని అనిన మాట."

"నాకు తెల్దా? నీ మాట అయ్యుంటే నాకు కోపం వచ్చుండు, కోపంలో చెవులు వినపడవు. నీది కాదు కాబట్టే సరిగ్గా విన్నాను." నా చెంపలు తుడిచి, "సుమ్మనుండు, ఏడవద్దు. ఆ పాప లేస్తాది" అన్నాడు.

హోసూరు బస్టాండులో నా జోడీని వాళ్ల నాన్నకు అప్పగించి ఇంటికొచ్చాం. అవ్వ గుమ్మంలోనే ఉంది. కప్పును చీర చెంగుతో తుడిచి, దేవుడి గూట్లో పెడుతూ "ఏం మాట్లాడినావే పాపా?" అని అడిగింది. నేను నాయన వైపు చూశాను.

"అంగళ్ల గురించి మాట్లాడింది. బాగా మాట్లాడింది" అన్నాడు నాయన. కాళ్లు కడుక్కుని మళ్లీ చెప్పులేసుకున్నాడు. అంగట్లో అమ్మ ఒక్కతే ఉంది. "సరే, పోయి అంగడి మూసేసి వస్తా."

అవ్వ చెయ్యి గూట్లోనే ఆగిపోయింది. నేను పరుగెత్తి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "నాయనా, అట్ల అనద్దు!"

ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు, నన్ను ఆటపట్టించేటప్పుడు నవ్వే నవ్వే అది. "నువ్వు మైకులో అంటే కప్పిచ్చినారు. నేను ఇంట్లో అంటే తప్పా?" అని నా భుజం పట్టుకుని పక్కకు జరిపి వెళ్లాడు.

మర్నాడు పొద్దున మెలకువ వచ్చినా కళ్లు తెరవలేదు. షట్టర్ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టి పడుకున్నాను. లేచింది, రోజూ లాగే కడకడలాడుతూ లేచింది. తర్వాతి రోజూ లేచింది. ఉగాది దాకా ప్రతి పొద్దునా నేను కళ్లు మూసుకునే ఆ చప్పుడు విన్నాను, విన్నాకే లేచాను. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు, ఒక పొద్దున అలాగే పడుకుని ఉన్నాను. సందులో పాలవాడి గంట వినబడింది. ఎదుటి గోడౌను ముందు బండ్లు కదిలిన చప్పుడు వినబడింది. రెప్పల మీద ఎండ వెచ్చగా తగిలింది. అయినా కళ్లు తెరవలేదు. నాయన వచ్చి మంచం పక్కన కూర్చుని, నా తల నిమిరి, "లెయ్ పాపా, పొద్దెక్కింది" అన్నాడు. ఆయన నన్ను నోటితో లేపడం అదే మొదటిసారి.